గీత నేలను తాకేదాకా

తప్పు నాదే, ముందే ఒప్పేసుకుంటున్నాను. మా అక్క పీహెచ్‌డీలో చేరిన నాలుగో ఏడు, ఆమెకు చెప్పకుండా పెయింటర్ దగ్గరికి వెళ్లి, పైన 'డాక్టర్' అని పెద్దక్షరాలతో, కింద ఆమె పేరుతో బోర్డు రాయించి మా గుమ్మం పక్కన మేకు కొట్టి తగిలించాను. ఐదేళ్లు ఫెలోషిప్ ఇస్తున్నారంటే చదువు కూడా ఐదేళ్లే అని నా లెక్క. ఒక ఏడాది ముందు రాయిస్తే పెయింట్ బాగా ఆరుతుంది కదా అనుకున్నాను. సెల్‌ఫోన్లు బాగుచెయ్యడం నేను ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. విప్పి, చూసి, బిగించి నేర్చుకున్నాను. లోకంలో మిగతా చదువులన్నీ కూడా విప్పి బిగించేవేనని అప్పట్లో నాకో గట్టి నమ్మకం.

మర్నాడు పొద్దున్నుంచీ గుమ్మంలో దగ్గేవాళ్లు, కుంటేవాళ్లు. మొదట వచ్చినాయన పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. అక్క నోట్లో బ్రష్‌తో బయటికొచ్చి, "నేను ఈగల డాక్టర్నండీ, అది కూడా ఇంకా కాలేదు" అంది. ఆయన కదల్లేదు. "ఈగలకేం రోగాలొస్తాయమ్మా?" అని కూర్చుని మరీ అడిగాడు. ఆమె చెప్పింది. అరగంట చెప్పింది. ఆయన మోకాలు సంగతి మర్చిపోయి వెళ్లిపోయాడు. అక్కను చూస్తే ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, మొదలుపెట్టింది వదలదు.

ఎంత వదలదంటే, సినిమా ఎంత చెత్తగా ఉన్నా, తెర మీద ఆఖరి పేరు పడి, లైట్లు వెలిగి, ఊడ్చేవాళ్లు చీపుర్లతో వచ్చేదాకా కుర్చీలోంచి లేవదు. చిన్నప్పుడు ఒకసారి అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తుండవే అని వెళ్లింది. వచ్చేసరికి పాలు పొంగి, గట్టు మీంచి నేల మీదికి పారుతున్నాయి. అక్క అక్కడే నిలబడి చూస్తోంది. అమ్మ నెత్తి బాదుకుంటే, "చూడమన్నావు, ఆపమనలేదు" అంది. అమ్మ బట్టలు కుడుతుంది. నాన్న బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. ఈ ఇద్దరికీ పుట్టి, పొద్దున పట్టుకున్న పని సాయంత్రానికి ముగించడమనే గుణం ఈమెకు ఎందుకు రాలేదో వాళ్లకీ తెలీదు.

ఆమె పని ఈగలతో. ఇంట్లో అరటిపండు మగ్గితే ఎక్కణ్నుంచో ఊడిపడతాయే, ఆవగింజంత ఈగలు, అవి. బాగా ముసలివయ్యేదాకా బతికిన తల్లుల గుడ్లు మాత్రమే తీసి పిల్లల్ని పెంచాలి. వాటిలో కూడా ఆఖరుదాకా బతికినవాటి గుడ్లే తియ్యాలి. ఇలా తరాల తరబడి చేస్తే ఈగల ఆయుష్షు పెరుగుతుందా అన్నది ప్రశ్న. పెరిగింది. చిక్కంతా అక్కడే వచ్చింది. మామూలు ఈగ రెండు నెలలు బతికితే, అక్క ఈగలు మూడు నెలలు బతికాయి, తరవాత నాలుగు. పని బాగా సాగేకొద్దీ అది ముగిసే రోజు దూరం జరిగేది. ఈగల ఆయుష్షు పెంచుతున్నాననుకుంది గానీ ఆమె పెంచింది తన చదువు ఆయుష్షుని. ఫెలోషిప్‌కి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఐదేళ్లు నిండిన నెల అది ఆగిపోయింది.

అప్పట్నుంచి అక్క సాయంత్రాలు పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ, పగలు జీతం లేకుండా అదే కుర్చీలో అదే పని చేసింది. గేటు దగ్గర వాచ్‌మన్ మొదటి ఏడు "ఏ ఇయరు పాపా?" అని నవ్వేవాడు. ఐదో ఏడు "నమస్తే మేడమ్" అనేవాడు. ఏడో ఏడు ఒకరోజు లేచి నిలబడి, "ఎవరి కోసమండీ?" అన్నాడు. అదే మనిషి, అదే వాచ్‌మన్. అక్క ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెప్పింది కానీ, అన్నం సగంలో వదిలేసింది. ఆమె కంచంలో అన్నం మిగలడం నేను చూడ్డం అదే మొదలు.

ఈగల గది మూడో అంతస్తులో, పొడుగాటి వరండాకి చివర్న ఉంటుంది. వరండాలో లైట్లు మనిషి కదిలితే వెలుగుతాయి, కదలకపోతే వాటంతటవే ఆరిపోతాయి. గదికి కిటికీ లేదు. ఈగలు రాత్రిపూట ఏం చేస్తాయో మనుషులు పగటిపూట చూడాలి కాబట్టి, అక్కడ రాత్రీ పగలూ తిరగేసి పెట్టారు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల చిమ్మచీకటి. ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతుంది. ఎరుపు ఈగలకి కనపడదట. తలుపు తీసి అడుగు పెడితే ఈస్టు వాసన, మొక్కజొన్నపిండి ఉడికిన వాసన, అరల నిండా గాజు గొట్టాలు, దూది బిరడాలు, వాటి వెనక వేల రెక్కల చప్పుడు. చప్పుడంటే చప్పుడు కాదు, చెవిలో ఎవరో ఏదో చెప్పబోయి ఆగినట్టు ఉంటుందని అక్క అనేది.

ఆ గదిలో ఇంకొకాయన ఉండేవాడు. అక్క ఆయన్ని 'అన్నా' అనేది. ఆమె చేరేనాటికే ఆయన అక్కడ ఉన్నాడు. అక్కకి గైడ్‌గా ఉన్న సార్ దగ్గరే, అదే ఈగల మీద పని మొదలుపెట్టాడు. ఆయన ఫెలోషిప్ ముగిసింది, గడువు ముగిసింది, రిజిస్ట్రేషన్ రద్దయింది. ఆయన మటుకు వస్తూనే ఉన్నాడు. తాళంచెవి తిరిగి ఇమ్మని ఎవరూ అడగలేదు. పొద్దున్నే ఈగల మేత వండి గొట్టాల్లో పోసేవాడు, తరవాత మూలనున్న తన బల్ల దగ్గర కూర్చునేవాడు. కాళ్లకి గుడ్డ చెప్పులు. మాట గొంతు దాటి వచ్చేది కాదు. ఎంత కదలకుండా కూర్చునేవాడంటే, ఆయన భోజనానికి వరండాలో బెంచీ మీద కూర్చుంటే పైన లైటు ఆరిపోయేది. అక్క అటు వెళ్తే మళ్లీ వెలిగేది, ఆయన అక్కడే ఉండేవాడు, ముద్ద చేతిలో పట్టుకుని.

సార్ మంచాయన. అదే ఇబ్బంది. తిట్టేవాడైతే ఎదురుతిరగొచ్చు. ఈయన టీ ఇప్పించి, "ఇంకొక్క చిన్న పనమ్మాయ్" అంటాడు. ఈగల ఆయుష్షును కాగితం మీద గీతగా గీస్తారు. అన్నీ బతికున్నప్పుడు గీత పైన ఉంటుంది, ఒక్కోటీ చచ్చేకొద్దీ ఒక్కో మెట్టు దిగుతుంది, ఆఖరిది చచ్చిన రోజు నేలను తాకుతుంది. "గీత నేలను తాకాలమ్మాయ్. గాల్లో వేలాడే గీత నా దగ్గర్నుంచి బయటికి పోదు" అనేవాడు.

ఎనిమిదో ఏడు ఆఖరికొచ్చేసరికి అక్క థీసిస్ మొత్తం రాసి పెట్టుకుంది, ఆ ఒక్క గీత తప్ప. పొడిగింపులన్నీ వాడేసింది. ఆ నెలాఖరులోగా సార్ సంతకంతో థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఎనిమిదేళ్లూ బూడిదలో పోసినట్టే. సార్ సంతకం పెట్టాలంటే గీత నేలను తాకాలి. గీత నేలను తాకాలంటే గొట్టంలో మిగిలిన ఆఖరి ఈగ చావాలి.

అది చావలేదు.

అక్క దానికి ముసలమ్మ అని పేరు పెట్టింది. ఎడమ రెక్క కొస చిరిగి, పురుగు కొరికిన ఆకులా ఉండేది. దాని తోటివన్నీ నాలుగో నెలలో రాలిపోయాయి. ఇది ఐదు దాటింది, ఆరు దాటింది, ఏడులో పడింది.

ఇంట్లో అందరికీ అదే ధ్యాస. అక్క చెప్పులు విప్పుతుండగానే అమ్మ మిషన్ ఆపేది.

"ముసల్ది ఎలా ఉందే?"

"తింటోందమ్మా."

"ఇంకానా? నిన్న కూడా తిందన్నావు."

"పైకి ఎగబాకడం మానేసింది. అడుగునే తిరుగుతోంది."

"పోన్లే, కాస్త గుణం కనిపిస్తోంది."

గోడవతల ఇవన్నీ విన్న పక్కింటి పిన్నిగారు ఒకరోజు వచ్చి అమ్మ చేతులు పట్టుకుంది. "ఎవరే తల్లీ, మీ అత్తగారి వైపా? ఒక్కమాట చెప్పలేదేం?" అంది. అమ్మ నీళ్లు నమిలి, "దూరపు చుట్టం పిన్నీ" అంది. అమ్మ చెప్పిన అబద్ధాల్లో సైన్సు ఒప్పుకునేది అదొక్కటేనని అక్క తరవాత చాలా రోజులు నవ్వింది. నాన్న నవ్వలేదు. "ఏ బండైనా ఎప్పటికో అప్పటికి డిపోకి రావాలి గదమ్మా. మీ సార్‌ని అడుగు, ఇది ఏ రూట్లో ఉందని" అన్నాడు.

నేను నాకు తోచిన సలహా ఇచ్చాను. "వేలితో ఒక్క నొక్కు నొక్కెయ్ అక్కా. ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను" అంది. "నొక్కితే అది దాని చావు కాదురా, నా తొందర. తొందరని గీత మీద ఎక్కడ పెట్టను?" అంది.

ఒక మధ్యాహ్నం, అందరూ భోజనాలకి దిగిన వేళ, అక్క ముసలమ్మకి మేత మార్చడానికి గొట్టం ఎర్ర దీపం దగ్గరికి తెచ్చింది. ఈగ గాజు గోడ మీద పైకి ఎక్కుతోంది. నిన్నటిదాకా అడుగునే పాకింది, ఇప్పుడు చకచకా ఎక్కుతోంది. పైదాకా వెళ్లి దూది దగ్గర ఆగి, ఇటు తిరిగి, రెక్కలు దులుపుకుంది.

రెండు రెక్కలూ నిండుగా ఉన్నాయి.

అక్క గొట్టం స్టాండులో పెట్టి, లెన్సు తీసి మళ్లీ చూసింది. రెక్క గోరులాంటిది కూడా కాదు, గోరైతే పెరుగుతుంది. ఈగ రెక్క ఒకసారి చిరిగితే చచ్చేదాకా చిరిగే ఉంటుంది. ఆమె ఎనిమిదేళ్లలో చూసిన లక్ష ఈగల్లో ఒక్కదానికీ మళ్లీ మొలవలేదు. అరల్లోని గొట్టాలన్నీ ఒక్కసారిగా నిశ్శబ్దమైనట్టు అనిపించిందట. వెనక్కి తిరిగితే మూల బల్ల దగ్గర అన్న కూర్చునే ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు.

"అన్నా, దీని రెక్క చూడు."

ఆయన లేవలేదు. "బాగుందమ్మా" అన్నాడు.

సార్‌కి చెబితే పరుగున వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం ఎన్నేళ్ల తరవాతో. చీకట్లో బల్లకి కాలు కొట్టుకున్నా పట్టించుకోకుండా లెన్సులో అలా చూస్తూ ఉండిపోయాడు. బయటికొచ్చాక గబగబా అన్నాడు. "అమ్మాయ్, ఇది ముసలితనం వెనక్కి తిరగడం. దీని మీద రేపే ప్రాజెక్టు రాస్తాను. కళ్లు మూసుకుని డబ్బులిస్తారు. నీకు మళ్లీ ఫెలోషిప్, మూడేళ్లు. ఇంకా పొడిగించుకోవచ్చు కూడా."

"నా రిజిస్ట్రేషన్ ఈ నెలాఖరుతో పోతుంది సార్."

"పోనీ. కొత్తగా చేర్చుకుంటాను. పాతదీ కొత్తదీ కలిపి ఒకే థీసిస్. ఎంత పెద్దదవుతుందో ఆలోచించు."

ఇంట్లో చెబితే అమ్మ సంతోషించింది. "ఎనిమిదేళ్లు ఉన్నదానివి, మూడేళ్లు ఎంతసేపు? పైగా జీతం" అంది. నాన్న వేళ్ల మీద అక్క వయసు లెక్కపెట్టుకున్నాడు. అక్క మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తూ ఉండిపోయింది. భయం మళ్లీ చేరాల్సి వస్తుందని కాదు. మళ్లీ చేరొచ్చు అనగానే ఒళ్లు తేలికపడింది, అందుకు. ఆ కుర్చీ, ఆ ఎర్ర దీపం, ఆ గుసగుస, అన్నీ తనవే, ఎక్కడికీ పోనక్కర్లేదు. పాలు పొంగుతున్నాయి, చూస్తూ ఉండొచ్చు. ఆపమని ఎవరూ అనలేదు.

మర్నాడు ఒక నిర్ణయంతో వెళ్లింది. నమ్మే ముందు ఈగ వీపు మీద చిన్న రంగు చుక్క పెట్టాలి. అది అదేనని గుర్తు ఉండాలి కదా. ఇంత సులువైన పని ఏడు నెలల్లో ఎందుకు చెయ్యలేదంటే, గొట్టంలో ఉన్నది ఒక్కటే ఈగ. ఒక్కటే ఉన్నదానికి గుర్తెందుకని ఎవరైనా అనుకుంటారు. ఈగల్ని లెక్కపెట్టేవాళ్లు మాత్రమే చెయ్యగల తప్పు అది.

రంగు ఉంది. సన్నటి బ్రష్షే అరిగిపోయింది. అన్న మేత గదిలో ఉన్నాడు. ఆయన సొరుగులో మంచి బ్రష్షులుంటాయని అక్కకి తెలుసు. తెరిచింది. బ్రష్షులున్నాయి. పక్కన కళ్ల ఆపరేషన్లకి వాడే సన్నటి కత్తెర. ఆ పక్కన మూతపెట్టిన చిన్న గాజు పళ్లెం, అందులో దూది పరిచి, దూది మీద వరసగా చచ్చిన ఈగలు.

అక్క ఆ పళ్లెం మైక్రోస్కోప్ కింద పెట్టింది. అన్నీ ఆడ ఈగలే. అన్నీ ముసలివే. తలలన్నీ ఒకే దిక్కుకి పెట్టి, కాళ్లు సర్ది, ఎవరో పడుకోబెట్టినట్టు ఉన్నాయి. ప్రతి ఈగకీ ఎడమ రెక్క కొస చిరిగే ఉంది. మొదటిదాని చిరుగు గరుకుగా, పీచుపీచుగా ఉంది. మిగతావన్నీ ఒకే చోట, ఒకే వాలులో, తిన్నగా తెగాయి.

"ఎడమ చివరది మన ముసలమ్మ" అని వెనక నుంచి వినిపించింది. గుడ్డ చెప్పుల చప్పుడు ఆమెకి వినపడలేదు. "దాని తోటివి రాలిపోయిన ఆ నాలుగో నెల్లోనే అదీ పోయింది. నువ్వు ఆ రోజు ముందే వెళ్లిపోయావు, బస్సు లేదని."

అక్క తల తిప్పలేదు. లెన్సు మీద కళ్లు పెట్టే అడిగింది. "మిగతావి?"

"తరవాతి తరాల నుంచి ముసలివి కొన్ని పక్కన పెట్టుకున్నానులే ముందే. ఒకటి పోతే ఒకటి. రెక్క ఒక్కటి సరిచూసుకుంటే చాలు."

"నిన్నటిది?"

"ముసలివన్నీ అయిపోయాయి. పిల్లదాన్ని పెట్టాల్సొచ్చింది. కత్తెర తీశాను గానీ..." ఆయన ఎర్ర వెలుగులో తన వేళ్లు చూసుకున్నాడు. "అప్పుడే విప్పుకున్న రెక్కలమ్మా. కత్తిరించబుద్ధి కాలేదు."

"ఎందుకన్నా?" ఇప్పుడు తిరిగి చూసింది. "నా గడువు నీకు తెలుసు కదా. నెలాఖరుకి నేనేమైపోతానో నీకంటే బాగా ఇంకెవరికి తెలుసు?"

గొట్టాల వెనక రెక్కలు గుసగుసలాడుతున్నాయి. "వరండాలో లైటు నాకు వెలగదమ్మా" అన్నాడు ఆయన. "నువ్వు వెళ్తుంటే వెలుగుతుంది, ఆ వెలుగులో నేనూ నాలుగు ముద్దలు తింటాను. నువ్వు వెళ్లిపోతే ఇంక ఎవరొస్తారు?"

అక్కకి కోపం రావాలి. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఆయన కుర్చీ వెనక్కి చూసింది. అక్కడ అందరికంటే పై అరలో ఒంటరిగా ఒక గొట్టం ఉంటుంది, పాత చేతిరాతతో ఆయన పేరు అంటించి. ఆమె చేరిన రోజు నుంచీ అక్కడే ఉంది. అందులో ఒక ఈగ ఉంటుందని, అది ఆయన ఆఖరి ఈగ అని అందరికీ తెలుసు. ఎవరూ ఆ సంగతి మాట్లాడరు.

"అయితే నీదీ అంతేనా అన్నా? నీది నువ్వే మార్చుకుంటూ వచ్చావా ఇన్నాళ్లూ?"

"నాదా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నాది నేను ముట్టుకోలేదమ్మా. రిజిస్ట్రేషన్ పోయిన రోజున పైన పెట్టేశాను. రోజూ కింది నుంచి చూస్తానంతే."

"మరి మేత?"

"మేత నువ్వు మారుస్తున్నావనుకున్నాను."

అక్క లేచి నిలబడింది. "నేనెప్పుడూ ముట్టుకోలేదన్నా. అది నీదని."

ఇద్దరూ తలెత్తి చూశారు. గొట్టం అడుగున మేత తాజాగా, తడిగా మెరుస్తోంది. గాజు గోడ మీద ఈగ ఒకటి కుదురుగా కూర్చుని ముందుకాళ్లు రుద్దుకుంటోంది. రెండు రెక్కలూ నిండుగా ఉన్నాయి.

అక్క ఆ గదిలోంచి నడిచి వచ్చిందో, పరిగెత్తి వచ్చిందో ఎప్పుడు అడిగినా చెప్పలేదు. నేరుగా సార్ గదికి వెళ్లింది. ఆయన కొత్త ప్రాజెక్టు కాగితాలు ముందేసుకుని ఉత్సాహంగా ఉన్నాడు.

"రెక్క మొలవలేదు సార్. ఈగ మారింది. చాలాసార్లు."

ఆయన పెన్ను కింద పెట్టాడు. "ఎవరు మారుస్తారమ్మాయ్? ఆ గదిలో నువ్వొక్కదానివే కదా ఉండేది."

"అన్న ఉన్నాడు కదా సార్. మేత వండేది ఆయనేగా."

"ఏ అన్న?" అని, ఆమె చెప్పింది విని, సార్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "అతనా? అతను వెళ్లిపోయి చాలా ఏళ్లయింది కదా. మేత స్టోరువాళ్లు వండట్లేదూ?"

"వెళ్లలేదు సార్. మీరు వెళ్లమనలేదు."

కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. అక్క తన ఫోన్‌లో రోజూ తీసిపెట్టుకున్న ముసలమ్మ ఫొటోలు ఒక్కోటీ జరిపి చూపించింది. మొదటి వాటిలో చిరుగు పీచుపీచుగా, తరవాతి వాటిలో తిన్నగా ఉంది.

"ఇదిగో ఈ రోజు దాకా ఉన్నది మన ఈగే. ఆ తరవాత ఎప్పుడు పోయిందో నా కళ్లతో నేను చూళ్లేదు. తెలీదనే రాస్తాను. గీత అక్కడికి ఆపేసి, మీద చిన్న అడ్డగీత పెడతాను. ఇక్కడిదాకా చూశాం, ఆపైన తెలీదు అని చెప్పడానికి లెక్కల్లో పద్ధతి ఉంది సార్. మీరే నేర్పారు, మొదటి ఏడు."

"గాల్లో వేలాడే గీత అమ్మాయ్..."

"వేలాడనివ్వండి సార్. నేను దిగిపోతాను."

అక్క బల్ల మీద పెట్టిన థీసిస్ సంతకం కాగితాన్ని సార్ చూశాడు. ఆమె మొహం చూళ్లేదు. తరవాత కొత్త ప్రాజెక్టు కాగితాలు సొరుగులోకి తోసేసి, పెన్ను తీసి సంతకం పెట్టాడు. పెట్టాక కూడా పెన్ను అక్కడే పట్టుకుని కూర్చున్నాడు. "నన్ను ఎవరైనా అడిగితే బాగుండేది, అతన్ని పంపించెయ్యమని" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

థీసిస్ ఇచ్చేసిన రోజు అక్క తాళంచెవి వాపసు చేసింది. ముందుగా ఈగల గది తలుపు దగ్గరికి వెళ్లి, లోపలికి అడుగుపెట్టకుండా పిలిచింది.

"అన్నా, బస్సుకి టైముంది. కిందిదాకా రా. ఒక టీ తాగుదాం ఎండలో."

ఎర్ర చీకట్లోంచి జవాబొచ్చింది. "రేపు మేత మార్చాలమ్మా."

"దేనికన్నా?"

ఆమె వరండాలో నడిచింది. ఒక్కో లైటూ ఆమె ముందు వెలిగింది, ఆమె దాటగానే వెనక ఒక్కోటీ ఆరింది. మెట్ల దగ్గర ఒకసారి ఆగింది. వెనక్కి తిరగలేదని చెప్పింది. తిరిగి ఉంటుంది, నాకు తెలుసు. వాచ్‌మన్ లేచి నిలబడి, "పని అయిందాండీ?" అన్నాడు.

మా ఇంట్లో ఆ సాయంత్రం అమ్మ మిషన్ ఆపి, "ముసల్ది?" అంది. "పోయిందమ్మా. ఎప్పుడో పోయింది" అంది అక్క. అమ్మ కళ్లు తుడుచుకుంది, ఈగ కోసమో కూతురి కోసమో ఆమెకే తెలియాలి. నాన్న, "బండి డిపోకి వచ్చిందన్నమాట" అని లేచి వెళ్లి చొక్కా మార్చుకున్నాడు. రిటైరయ్యాక ఇంట్లో ఇస్త్రీ చొక్కా వేసుకోవడం అదే మొదలు.

ఇదంతా రాసి అక్కకి చదివి వినిపించాను. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ వింది. ఈగలకి ఎర్ర దీపం కనపడదని సరిగ్గా రాసినందుకు తలూపింది, తను పరిగెత్తిందా అన్నచోట మొహం చిట్లించింది. నేను ఆఖరికొచ్చి ఆగాను. నన్ను తినేస్తున్న ప్రశ్న ఒక్కటే ఉంది.

"అంతా సరే అక్కా. మరి ఆయన గొట్టంలో ఈగని మారుస్తున్నది ఎవరు?"

అక్క ఎర్ర పెన్ను మూత పెట్టకుండానే తలెత్తింది.

"అది తేల్చాలంటే మొదటి ఐదేళ్లు ఫెలోషిప్ ఇస్తారు, తరవాత నీ ఇష్టం. అప్లికేషన్ తెచ్చి పెట్టనా?"